పక్కింటి అబ్బాయి రెండేళ్ళు ఫిలిప్పీన్స్‌లో మార్మన్ మిషన్‌కు వెళ్తున్నాడు, అక్కడ రోజంతా ఏం చేస్తాడు?

ఉప్పుసరస్సు_విశాల

మేము యూటాలో, సాల్ట్‌లేక్ సిటీకి దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాము. మా వీధిలో మా ఇల్లు తప్ప దాదాపు అన్నీ మార్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబాలే. పక్కింటి అబ్బాయి మా వాడితో కలిసి పెరిగాడు, మా ఇంట్లో పెరుగన్నం అడిగి పెట్టించుకునేంత చనువు ఉన్నవాడు. మొన్న ఒక సాయంత్రం చుట్టాలనూ స్నేహితులనూ పిలిచి, అందరి ఎదుటా ల్యాప్‌టాప్ తెరిచి, చర్చి వారు తనను మిషన్‌కు, అంటే మతప్రచారానికి, ఏ దేశానికి పంపుతున్నారో పైకి చదివాడు. ఫిలిప్పీన్స్, దావావో మిషన్, నేర్చుకోవలసిన భాష సెబువానో. ఇల్లంతా కేకలతో దద్దరిల్లింది. వాళ్ళమ్మ మాత్రం నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

24 నెలలు. నడుమ ఇంటికి రావడం ఉండదట, వీధిలోకి ఒంటరిగా అడుగు పెట్టకూడదట, సినిమాలు చూడకూడదట. కాలేజీ సీటును వాయిదా వేసుకున్నాడు. ఆవిడను గుచ్చి గుచ్చి అడగడానికి నాకు మొహమాటంగా ఉంది కనుక ఇక్కడ అడుగుతున్నాను. అక్కడ పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఆ పిల్లవాడు ఏం చేస్తాడు? పద్దెనిమిదేళ్ళవాడిని ఇన్ని కట్టుబాట్లతో అంత దూరం పంపడం నాకైతే అన్యాయంగానే తోస్తున్నది.

సందేహాల_రావు

ఇంటింటికీ తిరిగి సరుకు అమ్మే ఉద్యోగం అనుకోండి. తేడా ఏమిటంటే ఇక్కడ జీతం ఉండదు, పైగా మనమే ఎదురు డబ్బు కట్టాలి.

మాజీ_ఎల్డర్

రావు గారి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం గురించి తరువాత చెబుతాను. నేను 2014 నుండి 2016 వరకు మిందనావో ద్వీపంలో, అంటే దావావో నగరం ఉన్న ద్వీపంలోనే, మిషన్ చేశాను. మా అమ్మానాన్నలు హైదరాబాదులో ఉండగానే ఈ చర్చిలో చేరారు, తరువాత మేము అరిజోనాకు వచ్చి స్థిరపడ్డాము.

విశాల గారు అడిగిన రోజు ఇలా ఉంటుంది. ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, తరువాత బకెట్టూ చెంబుతో స్నానం. నాతో ఉన్న అమెరికా పిల్లలు ఆ చెంబును చూసి మొదటి వారం బిక్కమొహం వేశారు, నాకు మాత్రం అమ్మమ్మగారి ఇల్లు గుర్తుకు వచ్చింది. ఎనిమిది నుండి ఒక గంట సొంతంగా చదువు, మరో గంట జతగా ఉండే కంపానియన్‌తో కలిసి చదువు, కొత్తవాడైతే ఆపైన భాష. ఆ తరువాత తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ళతో ఎండలోకి దిగాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు ఇల్లు చేరి, మరునాటి పనులు రాసుకుని, పదిన్నరకు దీపం ఆర్పాలి. ఇప్పుడు ఈ వేళల్లో కొంత సడలింపు ఇచ్చారు, మా రోజుల్లో నిమిషాలు లెక్కపెట్టేవాళ్ళం.

ఎండలోకి దిగాక ఏం చేస్తాము అంటే, ఎక్కువ భాగం నడుస్తాము. సెబువానో పల్లెల్లో తలుపు తట్టరు, గేటు దగ్గర నిలబడి "ఆయో!" అని కేక వేస్తారు. మన పల్లెల్లో "ఏమండీ, ఇంట్లో ఎవరున్నారు?" అన్నట్టే. లోపలివారు రమ్మంటే అరగంట కూర్చుని పాఠం చెప్పాలి, లేదంటే పక్క గేటు. వరి కోతలకు చేయి అందించాము, ఒక ముసలమ్మ ఇంటి కప్పు మార్చాము, నీళ్ళు మోశాము. ఇలాంటి సేవ వారంలో కొన్ని గంటలు తప్పనిసరిగా ఉండేది, నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చిన గంటలు అవే.

ఇక నా ప్రత్యేక కష్టం వేరు. తెల్లవాళ్ళను చూస్తే పిల్లలు "హే జో!" అని వెంటపడతారు, నన్ను చూసి మాత్రం పెద్దవాళ్ళే ఇంట్లోకి దూరిపోయేవారు. ఆ దేశంలో భారతీయుడిని "బుంబాయ్" అంటారు, బుంబాయ్ అంటే మోటారు సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి వడ్డీ వసూలు చేసే మనిషి అని అక్కడివారి లెక్క. అయిదు తీసుకుంటే ఆరు తిరిగి ఇవ్వాలి కనుక ఆ అప్పుకు "ఫైవ్-సిక్స్" అని పేరు. భుజాన సంచి, చేతిలో పుస్తకంతో నేను "ఆయో" అనగానే "మా ఆయన ఊళ్ళో లేడు, వచ్చే వారం ఇస్తాను" అని లోపలినుండి జవాబు వచ్చేది. నేను వచ్చింది దేవుడి మాట చెప్పడానికి అని నమ్మించేసరికి ఊపిరి పోయేది. నమ్మాక వాళ్ళు ఎంత నవ్వేవారంటే, ఆ నవ్వు మీదనే సగం స్నేహాలు కుదిరాయి.

దావావో_హౌస్‌సర్జన్

బుంబాయ్ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మేము ఇక్కడ వైద్యం చదవడానికి వచ్చిన తెలుగు పిల్లలం చాలామందిమి ఉన్నాము, మొదటి ఏడాది సందు చివరి దుకాణపు ఆవిడ నన్ను అప్పు దొరుకుతుందా అని అడిగింది.

ఎల్డర్లను, అంటే ఈ మిషన్ పిల్లలను, జీప్నీల్లో, అంటే ఇక్కడి షేర్ జీపు బండ్లలో, తరచుగా చూస్తుంటాము. కిక్కిరిసిన బండిలో, చెమటకు తడిసి ముద్దయిన తెల్ల చొక్కాలతో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చునే ఆరడుగుల పిల్లల్ని చూస్తే జాలి వేస్తుంది. ఒకసారి ఇద్దరు నాతో సెబువానోలో మాట కలిపారు. వాళ్ళ సెబువానో నా దానికన్నా ఎంతో బాగుంది. నాలుగేళ్ళుగా ఇక్కడ ఉన్న నేను సిగ్గుపడ్డాను.

లెక్కల_మాస్టారు

ఎదురు డబ్బు అన్న మాట వచ్చింది కనుక లెక్క చెబుతాను. అమెరికా నుండి వెళ్ళే పిల్లల తరఫున నెలకు 500 డాలర్లు కట్టాలి. 2020 జూలైకి ముందు అది 400 ఉండేది. ఇరవై నాలుగు నెలలకు 12,000 డాలర్లు. ఇది ఒకే నిధిలోకి వెళ్తుంది కాబట్టి టోక్యో వెళ్ళేవాడూ దావావో వెళ్ళేవాడూ ఒకే మొత్తం కడతారు, ఏ దేశం అన్నది పిల్లలు ఎంచుకునేది కాదు గనుక ఆ ఏర్పాటు సబబే. బీదదేశాల పిల్లలు తాము కట్టగలిగినంత కడతారు, మిగిలినది చర్చి భరిస్తుంది. 2024 చివరికి ఇలా పూర్తికాలం పనిచేస్తున్నవారు ప్రపంచమంతటా 74,000కు పైగా ఉన్నారు.

ఉప్పుసరస్సు_విశాల

మాస్టారూ, మా పక్కింటివాడు పదమూడో ఏట నుండి వీధిలో గడ్డి కోసి, మంచు తీసి ఆ డబ్బు కూడబెట్టాడు. మా ఇంటి ముందు మంచు తీసినప్పుడు నేను ఇచ్చిన ఇరవై డాలర్లూ అందులోనే ఉన్నాయి కాబోలు.

మాజీ ఎల్డర్ గారూ, మీరు రోజంతా ఏం చేస్తారో చెప్పారు గానీ ఆ కంపానియన్ సంగతి దాటవేశారు. ఒంటరిగా ఉండకూడదు అంటే ఎంతవరకు?

మాజీ_ఎల్డర్

దాటవేయలేదమ్మా, అది ఒక్క పేరాలో చెప్పగలిగేది కాదు.

కంపానియన్ అంటే చర్చి జతకలిపిన మరో మిషనరీ. స్నానాల గదిని మినహాయిస్తే, అతడు మీ కంటికి కనిపించేంత, మీ మాట వినిపించేంత దూరంలో ఎప్పుడూ ఉండాలి. ఒకే గదిలో పడక, ఒకే బల్ల మీద తిండి, ఒకే గొడుగు. మీరు ఎంచుకోరు, అతడూ ఎంచుకోడు, మిషన్ ప్రెసిడెంట్ కలుపుతారు. ఆరు వారాలకొకసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది, అప్పుడు అతడు మారవచ్చు, మీ ఊరు మారవచ్చు, ఏదీ మారకపోవచ్చు. పెళ్ళిచూపులు లేకుండానే కాపురం, అది ఎప్పుడు తెగుతుందో కూడా మన చేతిలో ఉండదు.

నాకు రెండేళ్ళలో పదకొండు మంది వచ్చారు. అందులో ఒకతను సమోవా నుండి వచ్చినవాడు. రాత్రి పక్కమీద పడుకుని మెల్లగా పాడుకునేవాడు, అతడు ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళాక వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు. మరొకతను ఐడహో నుండి వచ్చాడు. నేను అన్నం చేత్తో తింటుంటే ముఖం పక్కకు తిప్పుకునేవాడు, నేను వేలు ఎత్తి చూపితే అతడు నియమాల పుస్తకం తీసి చదివేవాడు. అప్పట్లో చొక్కా జేబులో పట్టే చిన్న తెల్ల పుస్తకం ఒకటి ఉండేది, నియమాలన్నీ అందులోనే. అతనితో పన్నెండు వారాలు గడిపాను. గేటు దగ్గర వందమంది వద్దన్నా నాకు అంత బాధ కలగలేదు. పగలంతా మాట్లాడుకోకుండా నడిచి, జనం ఇంట్లోకి అడుగు పెట్టగానే ఇద్దరమూ నవ్వు ముఖాలు పెట్టుకుని ప్రేమ గురించి పాఠం చెప్పిన రోజులు ఇప్పటికీ సిగ్గుగా గుర్తుకు వస్తాయి. ఒక్క గంట ఒంటరిగా కూర్చుని ఏడవాలన్నా చోటు లేదు. ఆ రెండేళ్ళలో ఒక్క నిమిషమూ ఏకాంతం లేకుండానే మనిషికి ఎంత ఒంటరితనం కలగగలదో నాకు అక్కడే తెలిసింది.

చింతపండు_పులుపు

ఉమ్మడి కుటుంబంలో కొత్తకోడలిగా ఆరేళ్ళు ఉన్నాను. ఈ కథలో కొత్త ఏమీ కనబడలేదు.

సందేహాల_రావు

చింతపండు గారి జవాబుకు నా నమస్కారం. అయితే అసలు విషయం అలాగే ఉంది. నా మాటలో సగం నిజం అన్నారు కదా మాజీ ఎల్డర్ గారూ, ఆ సగం ఏది?

మాజీ_ఎల్డర్

అంకెలు. ప్రతి వారం ఎన్ని పాఠాలు చెప్పాము, కొత్తవారు ఎందరు, చర్చికి వచ్చినవారు ఎందరు, బాప్తిస్మానికి తేదీ ఇచ్చుకున్నవారు ఎందరు అని లెక్క పంపాలి. ఆ లెక్క తగ్గిన వారం ఎవరూ తిట్టరు, కానీ ఫోనులో మా మీద అజమాయిషీ చేసే మిషనరీ, జోన్ లీడర్, స్వరం మెత్తబడుతుంది చూడండి, అది తిట్టుకన్నా బరువు. ఫిలిప్పీన్స్‌లో ఇంకొక చిక్కు ఉంది. అక్కడివారు మొహం మీద కాదనరు. "గురువారం మూడింటికి రండి" అని నవ్వుతూ చెబుతారు, గురువారం మూడింటికి తాళం వేసి ఉంటుంది. మన "చూద్దాం లెండి"కి తోబుట్టువు అది. ఆ భాషను అర్థం చేసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలల అంకెలన్నీ గాలి అంకెలే.

కానీ అమ్మకం అనడం పూర్తిగా సరికాదు. అమ్మేవాడు సరుకు చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. మేము జ్వరం వచ్చినవారి పక్కన కూర్చున్నాము, చావు ఇంట్లో రాత్రంతా మేలుకున్నాము.

గోదారి_గట్టు

మా రాజమండ్రిలోనూ ఈ చర్చి ఉంది, నా చిన్నతనంలో మా వీధికి ఇద్దరు ఎల్డర్లు వచ్చేవారు. వీధి వీధి తిరిగి తలుపులు తట్టడం నేను చూడలేదు, చర్చిలో ఉన్నవారు పరిచయం చేసిన ఇళ్ళకే వెళ్ళేవారు. మా పక్కింటి మామ్మగారు వాళ్ళిద్దరికీ ముద్దపప్పూ ఆవకాయా కలిపి పెడితే, ఒకడు ఎక్కిళ్ళతో నీళ్ళు తాగుతూనే "చాలా బాగుంది, ఇంకొంచెం" అన్నాడు. వాళ్ళ మార్మన్ గ్రంథం తెలుగులోనూ అచ్చయింది. దేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

అమాయకంగా ఒక ప్రశ్న అడుగుతాను. పద్దెనిమిదేళ్ళవాడిని "ఎల్డర్", అంటే "పెద్ద", అని పిలవడం ఏమిటి? మామ్మగారు ఆ మాట అర్థం తెలిసిన రోజున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మాజీ_ఎల్డర్

అది వయసు కాదండి, చర్చిలో ఒక పదవి పేరు. అయినా మామ్మగారి నవ్వు న్యాయమైనదే. మా అమ్మ ఫోనులో నన్ను "ఏరా పెద్దా" అని ఏడిపించేది.

ఫోను అంటే గుర్తుకు వచ్చింది. మా కాలంలో ఇంటికి ఫోను ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ. మిగిలినదంతా వారానికొక ఈమెయిలు. మా తాతగారు పోయిన కబురు నాకు ఈమెయిలులో తెలిసింది, నేను వెళ్ళలేదు. వెళ్తానని అడగనూ లేదు. ఆ సంగతి ఇప్పటికీ మా నాన్నగారితో తిన్నగా మాట్లాడలేదు.

పసుపు_గొడుగు

ఆ నియమం మారింది, విశాల గారూ, కంగారు పడకండి. 2019 ఫిబ్రవరి నుండి వారానికొకసారి ఇంటికి ఫోను గానీ వీడియో కాల్ గానీ చేసుకోవచ్చు. దానికి పీ-డే అని ఒక రోజు ఉంటుంది, అంటే సిద్ధపడే రోజు, చాలాచోట్ల సోమవారం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి రాసుకోవడం, అన్నీ ఆ రోజే. సాయంత్రం ఆరింటికి మళ్ళీ పేరుబిళ్ళ పెట్టుకుని పనిలోకి.

నేను యూటాలోని ప్రోవోలో పరిశోధన చేస్తూ ఒక మార్మన్ అమ్మాయితో ఇల్లు పంచుకున్నాను. ఆమె బ్రెజిల్‌లో 18 నెలలు పనిచేసి వచ్చింది, ఆడపిల్లలకు గడువు అంతే. 2012 అక్టోబరులో మగపిల్లల వయసు 19 నుండి 18కి, ఆడపిల్లలది 21 నుండి 19కి తగ్గించాక సిస్టర్ల, అంటే ఆడ మిషనరీల, సంఖ్య ఒక్కసారిగా పెరిగిందట. ప్యాంటు వేసుకోవడానికి మాత్రం 2018 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. దోమల దేశంలో పాదయాత్ర చేసే పిల్లలకు ఆ అనుమతి ఇవ్వడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టిందో ఆమెకూ అర్థం కాలేదు.

అసలు నేను చెప్పదలచినది ఆమె తమ్ముడి గురించి. అతడు అయిదు నెలలకే ఆందోళన జబ్బుతో తిరిగి వచ్చాడు. వైద్యుడే వెళ్ళమన్నాడు. అయినా ఆ ఆదివారం చర్చి బయట ఒకరి తరువాత ఒకరు "ఇంత త్వరగా వచ్చావేం?" అని అడిగారు. అడిగినవారందరూ మంచివారే, అతడంటే ఇష్టం ఉన్నవారే. అతడు ఆ తరువాత రెండు నెలలు చర్చికి వెళ్ళలేదు. విశాల గారి పక్కింటివాడు ఏ కారణం చేతనైనా ముందుగా వస్తే, వీధిలో ఆ ప్రశ్న వేయని ఇల్లు ఒకటి ఉంటే బాగుంటుంది.

ఉప్పుసరస్సు_విశాల

ఆ ఇల్లు మాదే అవుతుంది.

ముందుగా రావడం అంటే 2020 మార్చి గుర్తుకు వస్తున్నది. కొవిడ్ మొదలైనప్పుడు ఫిలిప్పీన్స్‌లోని విదేశీ మిషనరీలను విమానాల్లో వెనక్కు తెచ్చారు. సాల్ట్‌లేక్ విమానాశ్రయం పార్కింగ్ భవనంలో వందలమంది తల్లిదండ్రులు బెలూన్లు పట్టుకుని గుమిగూడటం టీవీలో చూశాను. దూరం పాటించలేదని మరునాడు అందరూ వారిని తిట్టారు, నేనూ తిట్టాను. ఇప్పుడు పక్కింటావిడ ముఖం చూశాక ఆ తిట్టును సగం వెనక్కు తీసుకుంటున్నాను.

సందేహాల_రావు

నేను పూర్తిగా ఒప్పుకోను. పద్దెనిమిదేళ్ళవాడికి తన మతం గురించే సందేహాలు ఉండాలి, అలాంటివాడిని పరాయి దేశంలో క్యాథలిక్కుల ఇళ్ళకు పంపి "మీ దారి కన్నా మాది మేలు" అని చెప్పించడం నాకు రుచించదు.

మాజీ_ఎల్డర్

మీకు రుచించనక్కరలేదు. అక్కడి క్యాథలిక్ మామ్మలకూ రుచించలేదు, ఆ మాట చెబుతూనే అన్నం పెట్టారు. సందేహాలంటారా, నాకు అక్కడే మొదలయ్యాయి, వాటిని మోసుకుంటూనే రెండేళ్ళు పూర్తి చేశాను.

దావావో_హౌస్‌సర్జన్

తిండి సంగతి నేను చెబుతాను, ఇక్కడ ఆకలితో ఉండనివ్వరు. మూడు పూటలా అన్నమే, పక్కన ఎండుచేప. చిక్కు ఏమిటంటే ఏ ఇంటికి వెళ్ళినా ముందు కాఫీ ఇస్తారు, వీరికి టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. కనుక పాపం ఆ ఇంటావిడ పిల్లాడిని దుకాణానికి పరుగెత్తించి మైలో అనే చాక్లెట్ పానీయపు పొడి పొట్లం తెప్పిస్తుంది. ముప్ఫయ్యేళ్ళ గడ్డపు మనిషి మా ఎదురింట్లో ఎల్డర్లకు తోడుగా మైలో తాగుతూ కూర్చోవడం కన్నులపండువ.

ఇంకొక విచిత్రం. ఏడు వేలకు పైగా దీవులున్న దేశంలో వీరికి ఈత కొట్టడానికి అనుమతి లేదు. పీ-డే నాడు బీచ్‌లో టై లేకుండా కూర్చుని సముద్రాన్ని చూస్తుంటారు.

మాటల_మూట

అమెరికా రాజకీయ నాయకుడు మిట్ రామ్నీ 1960లలో ఇదే పని మీద ఫ్రాన్స్‌లో రెండున్నరేళ్ళు ఉన్నాడు, అందులో కొంతకాలం బోర్డోలో. ద్రాక్షసారా ఊళ్ళో సారా ముట్టనివాడికన్నా సముద్రం పక్కన ఈత లేనివాడే నయం.

చింతపండు_పులుపు

చివరి నెలల్లో ఇంటి మీద బెంగ పెరిగి పని మీద మనసు నిలవనివాడిని వాళ్ళలో "ట్రంకీ" అంటారని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. మనసులో ట్రంకుపెట్టె సర్దేసుకున్నాడని అర్థమట. మా అమ్మ దాని గురించే "పుట్టింటి గాలి తగిలింది" అనేది.

పసుపు_గొడుగు

తిరిగి వచ్చాక కూడా ఒక కష్టం ఉంటుంది, దాన్ని ఎవరూ ముందు చెప్పరు. నా ఇంటి అమ్మాయి వచ్చిన మొదటి వారం దుకాణంలో నడుస్తూ నడుస్తూ ఆగి, వెనక్కు తిరిగి ఎవరికోసమో చూసేదట. పక్కన కంపానియన్ లేదన్నది కాళ్ళకు ఇంకా తెలియదు.

మాజీ_ఎల్డర్

నాకూ అంతే. ఇంటికి వచ్చిన రాత్రి స్టేక్ ప్రెసిడెంట్ నన్ను మిషన్ బాధ్యత నుండి విడుదల చేశారు, పేరుబిళ్ళ తీసి అమ్మ చేతిలో పెట్టాను. తరువాత నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. రెండేళ్ళుగా కోరుకున్న ఏకాంతం అది. పది నిమిషాల్లో లేచి హాల్లోకి వచ్చి నాన్నగారి పక్కన సోఫాలో పడుకున్నాను.

ఐడహో అతను నిరుడు ఫోను చేశాడు. వాళ్ళ అమ్మాయి అన్నం చేత్తో తింటున్నదట, "నీ పాపమే తగిలింది" అన్నాడు.

ఉప్పుసరస్సు_విశాల

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు. నా మొదటి ఫిర్యాదు పూర్తిగా పోలేదు గానీ ఇప్పుడు ఆవిడతో కూర్చుని మాట్లాడగలను. ఆఖరి ప్రశ్న, మేము వాడికి ఏమి కొని ఇస్తే పనికివస్తుంది? టై ఇద్దామనుకుంటున్నాను.

మాజీ_ఎల్డర్

టైలు అందరూ ఇస్తారు, ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు వాటిని మార్చుకుంటారు కూడా. మీరు బూట్లు ఇవ్వండి. మందమైన అడుగు ఉన్నవి, వానకు నానినా ఊడిరానివి. నావి రెండు జతలు అడుగుదాకా అరిగిపోయాయి, మూడో జతకు బూజు పట్టింది. అక్కడ అమెరికా కొలతల బూట్లు దొరకడం కష్టం.

లెక్కల_మాస్టారు

బూట్లతో పాటు అర డజను నూలు మేజోళ్ళు కూడా.

ఉప్పుసరస్సు_విశాల

కొలత కనుక్కున్నాను, పన్నెండు. శనివారం మా వాడే వెంటబెట్టుకుని వెళ్తాడు. ఆవకాయ సీసా కూడా ఇద్దామంటే, వాళ్ళమ్మ సూట్‌కేసును తూకం మీద పెట్టి చూసి వద్దన్నది.

దావావో_హౌస్‌సర్జన్

ఆవకాయ మా మెస్‌లో ఏడాది పొడుగునా ఉంటుంది అక్కా. దావావో నగరంలో వేస్తే ఒక పీ-డే నాడు రమ్మనండి. కంపానియన్‌నూ తీసుకురాక తప్పదు కదా, ఇద్దరికీ వడ్డిస్తాము.